ఎత్తొద్దు

మిర్యాలగూడ బైపాస్ మీద
యాసంగి వడ్ల ట్రాక్టర్లు కిలోమీటరు పొడుగు నిలబడ్డ రాత్రి
గాలిదుమారం వచ్చి
రైస్‌మిల్లు గోదాం గోడను పండబెట్టింది.
గోడ మీద బస్తాల నెట్టు.
గోడ కింద తొడల దాకా రమావత్ హర్యా.

మా బండి పోయేసరికి రెండున్నర గంటలు.
జేసీబీ అప్పటికే చెయ్యి లేపి ఉన్నది.
ఇరవై మంది హమాలీలు, ఒక్కటే గొంతు:
ఎత్తుర్రి! ఎత్తుర్రి!

ఎత్తొద్దన్న.

మిల్లు మొత్తం నా దిక్కు తిరిగింది.
డెబ్బై అయిదు కిలోల బస్తాను
ఊపిరి బిగబట్టి నెత్తికెత్తుకునేటోళ్లు వాళ్లు,
ఎత్తుడే బతుకు.
ఒకడు నా కాలర్ పట్టిండు.
పట్టనియ్యి.
ఆరేండ్ల కింద దేవరకొండ దిక్కు క్వారీల
అందరికంటె ముందు ఉరికి బండ ఎత్తించింది నేనే.
కింది మనిషి లేచి కూసున్నడు, నవ్విండు,
బీడీ అడిగిండు.
టోల్‌గేట్ దాటకముందే గుండె నిలిచింది.
పేరు కూడ అడగలే.

నలిగిన కండ లోపల విషం మూటై కూసుంటది.
బరువే దాని ముడి.
ముడి విప్పంగనే నెత్తురు దాన్ని నెత్తిన పెట్టుకోని
సక్కగ గుండె గడప కాడికి పోతది.

అందుకే ముందు నీళ్లు.
టార్చి పండ్ల నడుమ కరుచుకోని
వడ్ల నూగు అంటిన మోచేతి మడతల నరం ఎతికిన.
రెండుసార్లు తప్పింది.
ఆర్.ఎల్. సీసా పక్కకు పెట్టిన,
దాంట్లనూ పొటాషియం ఉంటది.
సెలైన్ సీసా లేపి పట్టుకున్నది హర్యా భార్య జమ్కు,
గాజులు మోచేతి దాకా జారినా
చెయ్యి దించలే.

ఒక సీసా.
నా కాళ్లు ఉన్నయా? అడిగిండు హర్యా.
ఉన్నయన్న. నాకేం కనబడలే.
రెండో సీసా.
ఇయ్యాల మూడు లారీలు దింపిన,
మేస్త్రి రెండే రాసిండు, యాదుంచుకో అన్నడు.
మానిటర్ల గీత కొంచెం పొడుగు లేచినప్పుడల్లా
క్వారీ మనిషి నా ముంగట నవ్విండు.

అప్పుడు, మెల్లగ,
జేసీబీకి నేనే సైగ చేసిన.

నల్లగొండ పెద్దాసుపత్రిల
మంచం కింద సంచిల మొదటిరోజు మూత్రం
పాలు పొయ్యని చాయ్.
నాలుగుసార్లు మిషన్ మీద పెట్టిన్రు.
ఎడమకాలు మోకాలు కింద తీసేసిన్రు.
పదకొండో రోజు పోయి
ముందు మనిషి మొఖం చూడలే, వంగి సంచి చూసిన.
పల్చటి పసుపు.

"ఇంకో గంట నన్ను దాని కిందనే ఉంచినవు"
హర్యా గోడ దిక్కు తిరిగి అన్నడు.
ఉంచినన్న.
జమ్కు స్టీలు గ్లాసుల చాయ్ తెచ్చింది, పాలు పోసిందే.
తాగి లేచిన.
మిల్లుకు పోవాలె,
ఆ మూడో లారీ సంగతి మేస్త్రిని అడగాలె.