కింద చూడండి

నార్పల దాటినాక, ఎర్రనేల మొదలయ్యే చోట
నాలుగు పుల్లలు పాతి, పురికొస చుట్టి
మీటరుకు మీటరు చదరం కట్టుకొని కూర్చున్నా.
సోలార్ పలకలు పరిచే ముందు
ఇక్కడ ఏమేం మొలిచిందో లెక్క రాసియ్యాలంట.
రోజుకు ఆరునూర్లు, మధ్యాహ్నం చిత్రాన్నం.
కాగితం నెత్తిన ముందే అచ్చేసి ఉంది:
పనికిరాని బీడు.

రేగు ఒకటి. తంగేడు రెండు. బలుసు ఒకటి.
ముల్లుగడ్డి... దుబ్బు లెక్కనా, పోచ లెక్కనా?

మంచు ఇంకా ఆరలేదు.
రాలిన గడ్డిగింజ ఒకటి
తడి తగిలిన పొడుగాటి తోకను మెలి తిప్పుకుంటా
నేలలోకి దిగుతా ఉంది,
పట్టుకునే వడ్రంగి లేని బర్మా మాదిరి.
గోరంత లోతు పోయేసరికి
నా టీ చల్లారింది.
దీన్ని ఏ గడిలో రాయాలో తెలియక
పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టినా.

తంగేడు మీద తుమ్మెద.
ఆ పూవులో తేనె చుక్క లేదు,
ఉన్నదంతా పుప్పొడి, అదీ మూతి బిగిసిన గొట్టాల్లో.
తుమ్మెద కాళ్ళతో పూవును కరిచి పట్టుకుంది.
రెక్కలు ఆగినాయి, రొద మాత్రం ఆగలేదు,
గొంతు మార్చి ఒళ్ళంతా వణికింది.
అప్పుడు రాలింది పసుపు.

"అడిగే తీరులో అడగాల కదప్పా"
వెనక నుంచి హొన్నూరమ్మ.
భుజాన గొంగడి, చంకలో రాత్రి పుట్టిన గొర్రెపిల్ల.
నా చదరం చూసి నవ్వింది:
"గడ్డిని గుడక జైల్లో పెట్టినావే!"

కర్రతో రేగుకంప ఎత్తి చూపించింది.
"దీనికి జోడుముండ్లు. ఒకటి పొడిచేది, ఒకటి కొక్కెం.
పొడిచేది మేకకు,
కొక్కెం నా కోకకు."
మేక మూతి పోని ఆ జానెడు నీడలో
రెండాకుల శ్రీగంధం.
ఏ పిగిలిపిట్ట కూర్చొని పోయిందో.

నా నోరు ఎండింది.
రెండేండ్ల కింద, అనంతపురం పాతూరులో
అద్దె మిద్దె మీద, ఇట్లాంటిదే ఒకటి పెంచినా.
జల్లెడ పట్టిన మట్టి, కొత్త బక్కెట్టు,
కలుపు పోచ కనబడితే పీకేసేవాణ్ణి.
పసుపుబారితే నీళ్ళు చాలలేదనుకొని ఇంకా పోసినా.
చచ్చినాక పెరికి చూస్తే
వేర్లన్నీ బక్కెట్టు గోడ చుట్టూ తిరిగినాయి,
కరెంటు పోయిన ఇంట్లో
అగ్గిపెట్టె కోసం తడిమే చెయ్యి మాదిరి.

"పక్కనోళ్ళ వేర్లు పట్టుకుంటేనే అది నిలబడేది.
ఈ తంగేడు కాలు పట్టుకొని తాగుతా ఉంటాది."
"అంటే దొంగతనమేనా అవ్వా?"
"ఏమో. తంగేడు నా కాడికొచ్చి ఎప్పుడూ చెప్పుకోలే."

బలుసు కొమ్మ తుంచి గొర్రెకు ఇస్తా అంది:
"బతికుంటే బలుసాకు తినొచ్చంటారు.
కరువులో మా జేజి నిజంగానే తినింది,
ఉడకబెట్టి, ఉప్పు గుడక లేకుండా.
మరి బలుసేం తిని బతికిందో
సామెత కట్టినోడు అడగలే."

మంద కదిలింది.
పోతా పోతా ఒక పొట్టేలు పురికొస కొరికింది.
చదరం విప్పుకొని
బీడంతా ఒకటైపోయింది.
మళ్ళీ కట్టబుద్ధి కాలేదు.

శ్రీగంధం అని రాస్తే
రాత్రి గొడ్డలి పట్టుకొచ్చేవాళ్ళు చదువుతారు,
ఇప్పుడు కాకుంటే పదేండ్లకు.
రాయకుంటే
పొద్దున్నే జేసీబీ వస్తాది.

ఎండ మెడ మీదికి వచ్చేదాకా కూర్చున్నా.
తుమ్మెద ఇంకో పూవు కాడ గొంతు మార్చింది.
గడ్డిగింజ తోక ఒక్కటే మిగిలింది నేల పైన,
తడారి, వెనక్కు మెలి విప్పుకుంటా.

రేగు ఒకటి, అని ఉన్న చోట
పక్కన చిన్నగా రాసినా: కింద చూడండి.

కాగితం కింద
ఏమీ రాయలేదు.