సంతకం

రాత్రి తొమ్మిదికి తాళాలగుత్తి నా నడుముకెక్కుద్ది.
గుంటూరు మెడికల్ కాలేజీ, రీడింగ్ రూము.
లోపలికొచ్చే ప్రతి పిల్లా పిల్లోడూ
నా బల్ల మీది రిజిస్టర్లో టైమేసి సంతకం పెట్టాలి.
ఇరవై రెండేళ్లుగా నేను చదివిన పుస్తకం అదొక్కటే.

వాళ్లు గుండె చప్పుడు వినడం నేర్చుకుంటారు.
నాకు గీతల చప్పుడు తెలుసు.
పరీక్షల ముందు అక్షరాలకి తోకలు పెరుగుతాయి,
రిజల్టు రోజు పెన్ను కాయితాన్ని చింపుద్ది,
ప్రేమలో పడ్డోడు పక్క పేరు కూడా తనే రాసేస్తాడు.

కె. నిరీక్షణ. రెంటచింతల పిల్ల.
మొదటేడు గుత్తొంకాయలంత అక్షరాలు,
గడి దాటి పక్క గళ్లోకి కాళ్లు చాపుకున్న పేరు.
రెండో ఏడు 'నిరీక్ష' అయింది.
తొందరేమోలే అనుకున్నా.
మూడో ఏడు 'నిరీ'.
ఫైనలియర్లో 'ని'.
మొన్న ఆషాఢంలో, వరసగా నాలుగు రాత్రులు
గడి మధ్యలో ఒక చుక్క.
చీమేమోనని వేలితో తుడిచి చూశా.

ఆ వారమే 'ఒత్తిడిని జయిద్దాం' అని మీటింగు పెట్టారు.
టీ, సమోసా. రానివాళ్లకి అటెండెన్స్ కోత.
నిచ్చెనెక్కి ఫ్లెక్సీ కట్టింది నేనే,
విప్పిందీ నేనే.
ఇప్పుడది సైకిల్ స్టాండు మీద వాన ఆపుతోంది,
ఆ మేరకు మంచిదే.

ఐదో రాత్రి,
"చుక్క చెల్లదమ్మా, పూర్తి పేరు రాయాలి, రూలు" అన్నా.
రూలూ లేదు, గీలూ లేదు.
వేరే మాట రాక అన్నా.
కె అని రాసింది. చుక్క పెట్టింది. ఆగిపోయింది.
"బాజీ మామా, మిగతాది గుర్తు రావట్లేదు"
అని నవ్వబోయింది.
ఆ నవ్వు మధ్యలో తెగింది.

ఆస్పత్రి గేటు ఎదురు టీ బండి, రెండు గంటలప్పుడు.
రోగుల తాలూకు జనం
పట్టాలు పరుచుకుని పడుకున్నారు.
యార్డు వైపు నుంచి మిరప ఘాటొచ్చి
ఇద్దరం ఒకేసారి దగ్గాం.
ఆ సాకుతో కళ్లు తుడుచుకుంది.

చెప్పింది, ముక్కలు ముక్కలుగా.
పిల్లల వార్డులో మూడుసార్లు గుచ్చినా నరం దొరకలేదట.
ఆ బిడ్డ తల్లే చెయ్యి పట్టుకుని
"పర్లేదులే తల్లీ" అందట.
తిట్టినా బాగుండేదట.
తెల్లారి రౌండ్స్‌లో సారు
"నిన్నెవరు చేర్చుకున్నారమ్మా" అన్నాడట.
"డాబా మెట్ల దాకా వెళ్లి తిరిగొస్తున్నా మామా,
నాలుగు రోజుల్నించి."

నాకు ధైర్యం చెప్పడం రాదు.
గట్టిగా ఉండమనలేదు.
గట్టిగా ఉండీ ఉండీనే గదా చుక్కయింది.
ఇంకో టీ చెప్పి, బన్ను చేతిలో పెట్టి,
తినేదాకా చూసి,
తబస్సుమ్ గారికి ఫోను కొట్టా.
మానసిక విభాగంలో పీజీ ఆమె.
ఒకప్పుడు ఇదే రిజిస్టర్లో
ఏడాదంతా ఆమెవి ఖాళీ గళ్లు.

పది నిమిషాల్లో వచ్చింది, చున్నీ తిరగేసుకుని.
ఏమీ అడగలా. "నాకూ ఒక టీ" అంది.
ఊదుకుంటూ "నేను సెకండియర్ రెండుసార్లు రాశా" అంది.
"ఈ రాత్రి నా రూములో పడుకో.
పొద్దున నాతో ఓపీకొస్తావు.
జ్వరమొస్తే చీటీ రాయించుకోమూ? అంతే."

ఇప్పుడు బాగుందా అంటే,
మందులేసుకుంటోంది. ప్రతి గురువారం వెళ్తోంది.
కొన్ని రాత్రులు 'నిరీ' దాకా వస్తుంది.
మొన్న మళ్లీ చుక్క.
దాని పక్కనే నేను రాశా:
'షేక్ బాజీ. చూశాను.'

కొత్త బ్యాచ్ దిగింది.
రిజిస్టర్లో గళ్లు పెద్దవి చేయించమని
ఆఫీసులో అర్జీ పెట్టా. కుదరదన్నారు.
స్కేలు పెట్టి నేనే గీస్తున్నా,
రాత్రికో పేజీ,
రెండు గళ్లు ఒకటిగా.