కాటా కింద వేలు

గుంటూరులో మార్చి నెల.
ఊరు ఊరంతా ఒకటే తుమ్ము.
చిలకలూరిపేట రోడ్డు పొడుగునా
యార్డులోకి పోలేని లారీలు ఎర్రగా ఆగి ఉంటాయి.
నేనిప్పుడు అటు వెళ్ళను.
నా కుడికాలికి బొటనవేలు లేదు.

ఇరవై ఆరేళ్ళు కాటా దగ్గర నిలబడ్డాను.
టిక్కీ బల్ల మీద పడగానే
చెయ్యి రాసేది, నోరు అరిచేది,
బొటనవేలు మాత్రం బల్ల అంచు కిందికి దూరి
ఒక్క రవ్వ పైకెత్తేది.
రవ్వంటే అర కిలో.
షావుకారు ఏనాడూ ఎత్తమనలేదు.
ఎత్తనివాణ్ణి ఉంచుకోలేదు, అంతే.

క్రోసూరు అవతల నుంచి యలమంద వచ్చాడు,
నలభై రెండు టిక్కీలు, తేజ రకం.
రాత్రంతా బస్తాల మీదే పడుకున్నాడు.
లుంగీకీ కనురెప్పలకీ ఒకే దుమ్ము.
చదువు రాదు గానీ
ఇంటి దగ్గర రాయి పెట్టి తూచుకునే వచ్చాడు.
బస్తా బస్తాకీ తగ్గుతుంటే
ముల్లు వంక చూళ్ళేదు. నా కాలి వంక చూశాడు.
ఏమీ అనలేదు.
పోతూ పోతూ దోసెడు కాయలు నా తువ్వాల్లో పోసి
"ఇంట్లోకి కారం కొట్టించుకోండయ్యా" అన్నాడు.

ఆ ఏడు మా ఇంట్లో కారం అదే.
చాలా బాగుంది. ఆ మాట దాస్తే అబద్ధమవుతుంది.

తర్వాత షుగరు. పుండు. పెద్దాసుపత్రి.
వేలు తీసేసిన సాయంత్రం
మా కోటమ్మ మంచం పట్టె మీద కూచుని మెల్లగా అంది:
"ఏ వేలు ఎత్తిందో ఆ వేలే. చూశారా."
పక్క మంచాల వాళ్ళు తలలూపారు.
నాకూ ఒకందుకు హాయిగానే ఉంది.
అప్పు తీరింది, చిట్టా కొట్టేశారు.

సంగడిగుంటలో రేకుల షెడ్డు, బుద్ధ విహారం.
ఆదివారాలు అక్కడ బోధించేది రిటైర్డు రైల్వే గార్డు.
పేరు సువార్తరావు, చదివేది త్రిపిటకం.
కట్టు చూపించి కథంతా చెప్పాను.
ఆయన కళ్ళజోడు పంచె కొంగుతో తుడుచుకుని
"వేలు పోయింది షుగరు వల్ల" అన్నాడు.
"పిత్తం, వాతం, ఎండదెబ్బ, అన్నీ తెచ్చి
కర్మ నెత్తిన రుద్దమని తథాగతుడు చెప్పలా.
ఆ వార్డులో పసివాళ్ళకీ కాళ్ళు తీస్తారు.
వాళ్ళు ఎవరి కాటా ఎత్తారు?"

"మరి నా పని ఫలం ఎటు పోయింది?"

"ఎటూ పోలా. చిట్టా రాసేవాడే లేడు, ఇక కొట్టేసేదెవరు?
ఆ రోజు ఎత్తింది వేలు కాదు,
ఎత్తుదామనుకున్నది ఎత్తింది.
అది ఉందో పోయిందో ఇంటికెళ్ళి చూసుకో."

చూసుకున్నాను.

పాలవాడు గరిటె ముంచితే గరిటె అడుగు చూస్తాను.
కంసాలి తూచేటప్పుడు ముక్కు చూస్తాను, ఊపిరి ఎటు పోతోందో.
మనవరాలు జామకాయ కొరికి సగం ఇస్తే
పెద్ద సగం ఎవరి చేతిలో ఉందో
తినకముందే కళ్ళు తూచేస్తాయి.
ముప్పై ఏళ్ళు కోటమ్మ వడ్డించిన అన్నం
ముప్పై ఏళ్ళూ ఓరకంట తిన్నాను.
కారం పట్టుకున్న చెయ్యి మండదు.
మర్చిపోయి కన్ను నులుముకుంటావే, అప్పుడు.

రాత్రిళ్ళు లేని వేలు దురద పెడుతుంది.
గోకబోతే దుప్పటి.
ఒక్కోసారి చీకట్లో అది
దేన్నో ఎత్తుతూనే ఉంటుంది.

ఇరవై ఒక్క కిలోల డబ్బు జేబులో పెట్టుకుని
క్రోసూరు బస్సెక్కాను.
యలమంద లేడు. కౌలు వదిలేసి పోయాడట.
ఎటు పోయాడో తెలిసినవాడు లేడు.
తిరుగు బస్సులో ఆ డబ్బు బరువెక్కిందని రాయాలని ఉంది.
లేదు. మామూలుగానే ఉంది.

నిన్న చుట్టుగుంట రైతుబజారులో
కిలో వంకాయలు తూచాక
ఆ పిల్ల మరో రెండు కాయలు కొసరేసింది.
నా కళ్ళు అప్పటికే బల్ల కిందికి పోయాయి.
అక్కడ తెగిన హవాయి చెప్పు, పగిలిన మడమ,
నేలకు ఆనిన అయిదు వేళ్ళు.

నేను చూడటం ఆమె చూసింది.
"ఏం పడిపోయింది తాతా?"

ఏం లేదమ్మా అన్నాను,
సంచి మూతి ఇంకా తెరిచే పట్టుకుని.