అత్తరు తగలనివ్వకండి

వానలు వెలిశాక సూర్ నుంచి జహియా వస్తుంది.
చేపముక్కల డబ్బాలో తడిమన్ను,
మన్నులో పెంకులు.
బల్ల మీద కుమ్మరిస్తే మొదట ఏమీ కనబడదు,
ఎక్కడో గోటితో గీకినంత మెరుపు తప్ప.

నాన్న భూతద్దం కంట్లో బిగించుకుని
ఒక్కో పెంకునీ నాలిక చివర ఆనించేవాడు.
కొత్త గాజు జారిపోతుందట,
పాతది పట్టుకుంటుందట.
"పోయినసారి తెచ్చినవాటిలో ఒకటి సోడా సీసా, జహియా."
"సముద్రానికేం తెలుసు జిరాయిర్ ఉస్తాద్,
దానికి రోమూ ఒకటే, సోడా ఒకటే" అనేది,
డబ్బులు లెక్కపెట్టుకుంటూ.

పావురం మెడ రంగు,
పెట్రోలు ఒలికిన గుంట రంగు.
అందరూ అడిగేది దాన్నే.
అది రంగు కాదని ఎవరికీ చెప్పను.
గాజుకి పట్టిన చీడ అది.
మన్ను కొరికి కొరికి వదిలిన పొరల్లో
వెలుగు దారి తప్పుతుంది,
అంతే.

నా పని వెండి వంచడం.
పెంకు చుట్టూ సన్నని గట్టు కడతాను,
అంచు విరగకుండా, మెడని కోయకుండా.
పెళ్ళికూతుళ్ళు కొంటారు, ఓడ దిగినవాళ్ళు కొంటారు.
ప్రతి డబ్బీలో ఒక చీటీ పెడతాను:
తడి తగలనివ్వకండి.
అత్తరు అసలే తగలనివ్వకండి.

ఒకప్పుడిది అత్తరు బుడ్డే.
ఎవరో ఊది, ఎవరో నింపి,
ఎవరి చెవి వెనకో రెండు చుక్కలు,
ఆపైన ఆ మనిషితో పాటే గోతిలోకి.
కడుపున దాచుకున్నదే ఇప్పుడు దానికి పడదు.

రేవు పేలిన సాయంత్రం
బుర్జ్ హమ్ముద్‌లో మా వీధి మొత్తం ఒక్కసారే రాలింది.
తరవాత వారాల తరబడి చీపుళ్ళ చప్పుడు,
గాజు మీద గాజు దొర్లే చప్పుడు.
నుదుటి మీద మూడు కుట్లతో నాన్న
మా కొట్టు కిటికీ కుప్పలోంచి ఒక ముక్క ఏరి
అలవాటు కొద్దీ నాలికకి ఆనించుకున్నాడు.
"జారుతోంది" అన్నాడు.
జెరేనియం కుండీలో వేలితో గుంట చేసి
దాన్ని పాతిపెట్టి మన్ను కప్పాడు.
"రెండు వేల ఏళ్ళు ఓపిక పట్టు, షుషాన్,
మంచి ధర పలుకుతుంది."
నేను నవ్వలేదు.
అమ్మ నవ్వింది, చాలాసేపటికి, వంటింట్లోంచి.

ఆ కుండీకి నేనే నీళ్ళు పోస్తున్నాను.
మొన్నొకసారి తవ్వి చూశాను కూడా.
కిటికీ ముక్క కిటికీ ముక్కలాగే ఉంది.

నిన్న జహియా డబ్బా బోర్లించింది.
నాన్న పెంకు తీశాడు, నోటిదాకా తెచ్చాడు,
చెయ్యి వణికింది.
చాలాసేపు దాన్నే చూసి
నా వైపు జరిపాడు, ఏమీ అనకుండా.

ఉప్పు. మన్ను. సన్నని చల్లదనం.
"రోమా, సోడానా?" జహియా అడుగుతోంది.
నాలిక మీద పెంకు పెట్టుకుని
జవాబెలా చెప్పను?