కల్యాణకట్టలో సిక్సరు

టోకెను ఇటియ్యి సామీ. కూర్చో. తల వంచు.
ఇంకొంచెం వంచు,
బౌన్సరు వొస్తాందనుకో.

ఇరవయ్యారేండ్లుగా ఇదే మాట చెప్తా ఉండా.
ఏ ఊరోడైనా నవ్వుతాడు, మెడ వదులవుతాది,
అర బ్లేడు తేలిగ్గా నడుస్తాది.
అప్పుడడుగుతా, స్కోరెంతని.
పనిలో ఫోను ముట్టకూడదు మేము.
వొచ్చే తలకాయలే మాకు రేడియో.

నేను చదివింది ఏడో తరగతి.
ఈ ఆట యాడ పుట్టిందో ఏ పుస్తకంలోనూ చూళ్ళేదు.
ఒక తెల్లాయన గుండు గీయించుకుంటా చెప్పినాడు,
పక్క పీట కుర్రోడు తెలుగు చేసినాడు:
వాళ్ళ సీమలో గొర్రెలు మేసిన గడ్డి మీదంట మొదట.
గొర్రె కొరికిన నేల నున్నగుంటాదంట.
నాకు నవ్వొచ్చింది.
నున్నగా చెయ్యడం గురించి నాకా చెప్పేది!

మా స్వర్ణముఖిలో గడ్డీ లేదు, నీళ్ళూ లేవు.
ఇసకలో చెండు లేవదు,
పడ్డచోటే పడుకుంటాది, అలిగిన బిడ్డ మాదిరి.
అందుకే చంద్రగిరి పిల్లోళ్ళం
నేల తాకకుండా వేసేది నేర్చుకున్నాం,
నేల తాకకుండా కొట్టేదీ నేర్చుకున్నాం.
కొబ్బరి మట్ట బ్యాటు.
సైకిలు ట్యూబు కత్తిరించి చుట్టిన చెండు.
చెంగల్రాయుడు కొడితే రైలు కట్ట దాటేది.
దాటితే ఆరు కాదు, అవుటు.
తెచ్చేదానికి ఎవురు పోతారు?

ఖాట్మండు నుంచి వొచ్చినోళ్ళు చెప్పినారు,
కొండ అంచున చదును చేసుకున్న ముక్కలో ఆడతారంట.
చెండు పోతే లోయలోకే.
వాళ్ళకీ దాటితే అవుటే అనుకుంటా.

ఒకసారి కాబూలు పిల్లోడు వొచ్చినాడు,
మొక్కు వాడిది కాదు, స్నేహితునికి తోడు.
దేశం కాని దేశంలో, గుడారాల మధ్య
ఇటికెలు పేర్చి నేర్చుకున్నామన్నాడు.
మూడిటికెలా? అన్నా.
మూడే, అన్నాడు.
మేమూ మూడే.

రెండేండ్ల కిందట, పెరటాసి శనివారం, ఒకటే తోపులాట.
ఒకాయన వొచ్చి కూర్చున్నాడు.
అచ్చం మా పెదనాయన కొడుకే,
అదే ముక్కు, నెత్తిన అదే జోడు సుడి.
మాట మాత్రం ఒక్కటీ అర్థం కాలా.
గయానా అన్నాడు. పేరు ఎరల్ మునుసామి.
వాళ్ళ తాతకు తాతను మద్రాసు రేవులో ఓడెక్కించినారంట,
చెరుకు తోటల కూలికి, ఐదేండ్లకని చెప్పి.
ఉత్తరార్కాడు జిల్లా అని కాగితంలో ఉంది.
ఊరి పేరు ముందు సగం చెదలు తినేసింది,
వెనక సగం మిగిలింది: పల్లె.
పల్లె కాని ఊరు యాడుంది సామీ ఈ జిల్లాలో!

తల వంచమని చెప్పేదానికి నాకు ఇంగ్లీషు రాదు.
బౌన్సర్, అన్నా.
టక్కున వంచినాడు.

ఆ మాటను వాళ్ళ తోటల్లోకి తీస్కపోయింది దొరలే,
మా రేవుకు తెచ్చిందీ వాళ్ళే.
ఒకే ఓడ కాకపోవచ్చు, నీళ్ళయితే ఒకటే.
చెరుకు నరికిన చేతులతోనే
వాళ్ళ తాతలు దొర విసిరిన చెండును
తిరిగి దొర నెత్తి మీదుగా కొట్టుంటారు.
భాష ఊడిపోయింది. జుట్టయితే మళ్ళీ మొలుస్తాది,
అది మొలవలా.

గీయడం అయిపోయింది. చందనం పూసినా.
ఈడ అద్దం ఉండదు.
ఎట్లుందని కండ్లతోనే అడిగినాడు.
రెండు చేతులూ పైకెత్తినా,
సిక్సరు అని.
ఆయన గోవిందా అనుకున్నాడు.
తానూ రెండు చేతులెత్తి గట్టిగా అరిచినాడు,
హాలంతా అందుకునింది.
ఏమని సరిచేసేది?

ఆ, అయిపోయింది, లెయ్ సామీ.
చెవి వెనక నీళ్ళు బాగా పోసుకో, గాటేం పళ్ళేదు.
ఇంతకీ చెప్పనే లేదు,
స్కోరెంత?