గొర్రెబొట్టు

ఫారంలో ఏడో గడి:
ఈ జాతి ప్రస్తుత స్థితి?

పత్తికొండ దాటి, మట్టిదారి పట్టి,
బండి పంక్చరై, మిగతా మూడు మైళ్ళూ నడిచి
నేను చూసింది తొమ్మిది.
తొమ్మిదే.
లెక్క మొదలుపెట్టకముందు
నా చెప్పు కింద పదోది ఉండిందేమో చెప్పలేను.

చొక్కా గుండీ అంత. ముదురుపాకం రంగు.
నెత్తిన తడి. బోర్లిస్తే
మైనంతో మలిచినట్టు ఎడమెడంగా మందపాటి రేకులు.
వాసన పచ్చి దోసకాయది.
ఆ మాట రిపోర్టులో రాస్తే పైవాళ్ళు కొట్టేశారు,
దోసకాయ కొలమానం కాదట.

మంద ఆపి ఉరుకుందమ్మ నవ్వింది.
"దీనికోసరం కర్నూలు నుంచి వచ్చినావా సామీ?
గొర్రెబొట్టు గదా ఇది.
ఉత్తర కార్తె వానకు లేస్తాది, హస్తకు ఉండదు.
తినము. పెరకము. అంతే."

నాకన్నా ముందు దీనికి పేరుంది.

పోయినేడు దీని మేలు కోరే
పన్నెండెకరాల బీడుకు కంచె వేయించాను.
గొర్రెలకు ప్రవేశం లేదు అని బోర్డు,
రంగు డబ్బా పట్టుకుని నేనే రాశాను.
లోపల బోదగడ్డి నడుము దాకా లేచింది.
కౌజులు కూశాయి, ఒక కుందేలు నన్ను చూసి పారిపోయింది.
ఫోటోలు బాగా వచ్చాయి.
గొర్రెబొట్టు మాత్రం ఒక్కటీ లేదు.

కంచెకు ఇవతల,
మూతులు ఆనించి మంద కొరికిన కురచ గడ్డిలో,
ఎరువు రుచి తెలీని, నాగలి తాకని ఎర్రనేల మీద,
తొమ్మిది.

ఉరుకుందమ్మ కంచె వంక చూసింది,
నా వంక చూసింది, ఏమీ అనలేదు.
అనివుంటే బాగుండేది.

మూడొందల మంద ఇప్పుడు నలభై.
మనవడు సోలార్ పలకల కాడ రాత్రి కాపలా.
ఈ బీడుకూ రికార్డులో ఒక స్థితి ఉంది:
బంజరు.
దానికి ఏ సర్వేయరూ మోకాళ్ళ మీద వంగి చూడలేదు.

రాత్రి లాడ్జిలో కరెంటు లేదు.
ప్యాంటు అంచున దిగిన గడ్డిముళ్ళు
ఒక్కొక్కటీ పీకుతూ ఫోన్ వెలుగులో నింపుతున్నాను.
'సమాచారం చాలదు' అని ఒక గడి ఉంది.
అక్కడ టిక్కు పెడితే ఎవరికీ కోపం రాదు,
ఎవరికీ పని పడదు.

తొమ్మిదో గడి, ముప్పు: కంచె.
పదో గడి, తీసుకున్న రక్షణ చర్య: కంచె.

రెండు గడుల్లో ఒకే మాట రాయరాదని
వెనక పేజీలో సూచన.