సున్నాలు రెండు రకాలు

కాజీపేటలో దిగిన థర్మాకోల్ పెట్టెలో
ఇరవై నాలుగు సీసాలు.
అయోడిన్ కలిపిన సముద్రం
పల్చటి డికాషన్ రంగులో ఉంది.
కొంరెల్లి మూత తిప్పి, వాసన చూసి
"గింతేనా మేడం, సముద్రమంటే?" అన్నాడు.
నాకేం తెలుసు.
నేనూ చూడలే.

సుబేదారిలో, రెండో అంతస్తులో,
ఒక్క మిల్లీలీటరు పట్టే గాజుపలక.
దాని మీద వెయ్యి గళ్ళు.
కొన్ని ప్రాణాలు మూతపెట్టిన గాజు డబ్బీలు,
కొన్ని ముళ్ళున్న గొలుసులు,
కొన్నిటికి తోకలున్నాయి
ఆడించడానికి మాత్రం ఊపిరి లేదు.
వెయ్యి గళ్ళూ చూడాలంటే కళ్ళు చాలవు.
యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక
చీటీ తీసినట్టు యాభై గళ్ళు తీసిస్తుంది.
ఆ యాభైతోనే
బంగాళాఖాతం మీద నా తీర్పు.

ఈ భయం నాకు క్లాసులో పుట్టింది కాదు.
ఎనుమాముల యార్డులో మా మేనత్త ఓదెమ్మ
తాలు మిర్చి ఏరేది.
ఖరీదుదారు వచ్చి బస్తాలో చెయ్యి పెట్టి
గుప్పెడు తీసి, ఒకటి విరిచి, గింజ చూసి
రైతు ఏడాది మొత్తానికీ రేటు చెప్పేవాడు.
"పైపైన తీసిండు బిడ్డా,
నడుమకెళ్ళి తియ్యమను, లెక్క మారకపోతే అడుగు"
శాంపిల్‌లో పక్షపాతం గురించి మొదటి పాఠం
నాకు దగ్గుతో సహా అందింది.

పదకొండో సీసా.
మిగతా అన్నిట్లో కనబడ్డ ఒక జాతి
ఇందులో సున్నా.
సున్నాలు రెండు రకాలు.
నిజంగానే లేనిది.
ఉండీ, నా గళ్ళలో పడనిది.
కాగితం మీద రెండూ ఒకేలా గుండ్రంగా ఉంటాయి.
ఇన్ని పాళ్ళు ఇది, ఇన్ని పాళ్ళు అది
అనేవరకే మోడల్ వస్తుంది.
ఏ సున్నా ఏదో చెప్పమంటే
చేతులెత్తేస్తుంది.

యార్డు రిజిస్టర్‌లో బస్తాలున్నాయి,
తేమ శాతం ఉంది, లారీ నంబర్లున్నాయి.
ఓదెమ్మత్త కోసం ఒకసారి
వేలుపెట్టి మరీ వెతికాను.

సాయంత్రం, యాభయ్యో గడి.
కుడి గీత మీద అడ్డంగా ఒకటి పడుకుని ఉంది.
అదే. ఆ జాతే.
ఎడమ గీత మీద పడితే లెక్క,
కుడి గీత మీద పడితే పక్క గడిది.
పక్క గడి నా చీటీలో లేదు.
చాలాసేపు చూశాను.
నియమం నియమమే,
పట్టికలో సున్నా వేశాను.
పెన్సిల్ కొంచెం గట్టిగా ఒత్తానేమో
వెనక పేజీలో కూడా పడింది.

"కడగమంటరా మేడం?"
కొంరెల్లి పలకను నల్లా కింద పట్టాడు.